నాయకుణ్ణి నిలిపినదీ దించినదీ శాసనసభాపక్షమే: ప్రకాశం ఎన్నిక (1946) – ఒక పరిశీలన

ఎన్నికలు ముగియగానే గెలిచిన పార్టీ శాసనసభ్యులు సమావేశమై తమ నాయకుణ్ణి ఎన్నుకోవడం మనకు పరిచితమైన దృశ్యం. అయితే రాజ్యాంగంలోని 164వ అధికరణం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారని మాత్రమే చెబుతుంది. శాసనసభాపక్షం ఓటు ప్రస్తావన అందులో లేదు. కనుక ఈ ఎన్నికకు ఆధారం సంప్రదాయమే. ఆ సంప్రదాయపు శక్తినీ పరిమితినీ ఏడాది వ్యవధిలోనే వెల్లడించిన ఘట్టం టంగుటూరి ప్రకాశం 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని కావడం. నాడు ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు.

ప్రకాశం జన్మస్థలం ఒంగోలు ప్రాంతమైనా, ప్రజాజీవితానికి పునాది పడింది గోదావరి తీరాన. రాజమహేంద్రవరంలో వకీలుగా పేరు తెచ్చుకొని, బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళకముందే ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. సభ్యుల బలాబలాల మీద పదవి నిలవడమనే అనుభవం ఆయనకు మొదట ఎదురైంది అక్కడే అనవచ్చు.

1946 ఎన్నికలలో మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు తిరుగులేని ఆధిక్యం లభించింది. గాంధీజీ, కాంగ్రెసు అధిష్ఠానం రాజాజీ వైపు మొగ్గు చూపారు. కానీ 1942లో క్విట్ ఇండియా ఉద్యమానికి దూరంగా నిలిచి కాంగ్రెసును వీడిన రాజాజీని, ఆ ఉద్యమంలో జైళ్ళకు వెళ్ళిన సభ్యులు అంగీకరించలేదు. తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షులు కామరాజ్ వర్గం ముత్తురంగ ముదలియార్‌ను నిలిపింది. ఆంధ్రులలోనూ ఏకాభిప్రాయం లేదు. పట్టాభి సీతారామయ్య అనుయాయులది ఒక వర్గం, ప్రకాశం అనుయాయులది మరొక వర్గం. చివరకు జరిగిన ఓటింగులో ప్రకాశానికి 82, ముదలియార్‌కు 69 ఓట్లు వచ్చాయి. రాజాజీ వర్గీయులు తటస్థంగా ఉండిపోయారు. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం మంత్రివర్గం ఏర్పడింది.

అధిష్ఠానం అభిమతాన్ని కాదని సభ్యులు తమ నాయకుణ్ణి తామే ఎన్నుకోవడం ఈ ఘట్టంలోని విశేషం. అయితే ఆ 82 ఓట్లు ఒకే విశ్వాసంతో పడినవి కావు. ఎదుటి వర్గాల అనైక్యత ఆయన విజయానికి తోడ్పడింది. అవే వర్గాలు ఏకమైతే పదవి నిలవదన్నది ఆ లెక్కలోనే ఉంది. నూలు మిల్లుల విస్తరణను నిలిపి ఖద్దరుకు పెద్దపీట వేయాలన్న ఆయన విధానం విమర్శకు గురైంది. వర్గాలను బుజ్జగించే అలవాటు ఆయనకు లేకపోవడం అసంతృప్తిని పెంచింది. పదకొండు నెలలు నిండకముందే సొంత పక్షమే ఆయనను దించింది. 1947 మార్చి 23న ఓమండూరు రామస్వామి రెడ్డియార్ ప్రధాని అయ్యారు. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చేపట్టినవారు పట్టాభి వర్గానికి చెందిన కోనసీమ నాయకులు కళా వెంకటరావు. అంటే ఈ మార్పును కేవలం తమిళ–ఆంధ్ర వైరంగా చూపడం అసమగ్రం. ఆంధ్ర నాయకత్వంలోని చీలిక కూడా అందులో అంతే ముఖ్యం.

ఈ రెండు సంఘటనలలోనూ ఓటరుకు పాత్ర లేదన్నది గమనార్హం. ఆస్తి, పన్ను, విద్యార్హతలకు పరిమితమైన నాటి ఓటుహక్కుతో గెలిచిన సభ్యులు, ఎన్నికల్లో ప్రజల ముందుకు రాని ప్రశ్నను తమలో తామే తేల్చుకున్నారు. వయోజన ఓటుహక్కు వచ్చాక ఈ దూరం తగ్గవలసింది. కానీ తరువాతి దశాబ్దాలలో నాయకుని ఎంపికను అధిష్ఠానానికే అప్పగిస్తూ ఏకవాక్య తీర్మానం చేసే ఆనవాయితీ బలపడింది. వర్గపోరును అది సమావేశ మందిరం నుంచి ఢిల్లీకి తరలించిందే తప్ప తొలగించలేదు.

ప్రకాశం ఉదంతాన్ని ధీరోదాత్తుని పతనగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. దానిని ఒక పద్ధతి చరిత్రగానూ చదవాలి. లోపాలెన్ని ఉన్నా, 1946లో అనుకూలురెందరో ప్రతికూలురెందరో లెక్క తేలింది. ఏకవాక్య తీర్మానంలో ఆ లెక్కే కనబడదు. శాసనసభ్యుని ఓటు ఎవరి తరఫున పడుతున్నదని అడగాలంటే, ముందుగా ఆ ఓటు పడాలి.