బైతు నడక: తప్పు నడిచేవాడిది ఎప్పుడైంది?

పోయిన ఎపిసోడ్‌లో హెర్న్‌డన్ పాత రైలు స్టేషన్ గురించి చెప్పుకున్నాం కదా. ఈసారి ఆ స్టేషన్ దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి రోడ్డు అంచున ఆగుదాం.

ఆరు నెలలు ఉందామని వచ్చిన అమ్మ, రెండో రోజు సాయంత్రం నాతో నడకకి బయల్దేరింది. రోడ్డు దాటే ముందు కుడివైపు చూసింది, ఏమీ రావట్లేదని అడుగు వేసింది. గబుక్కున చెయ్యి పట్టి లాగాను. కారు ఎడమ నుంచి వచ్చింది! మన దగ్గర బళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, రోడ్డులోకి దిగగానే మీదికొచ్చేది కుడి నుంచి. ఇక్కడ అంతా తిరగేసి. ఇంటికొచ్చాక అమ్మ "తప్పు నాదేలేరా" అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

వందేళ్ళ కిందట అమెరికాలో ఎవరూ అలా అనుకునేవాళ్ళు కాదు. వీధి అంటే అందరిదీ. ట్రాములు, తోపుడు బళ్ళు, ఆడుకునే పిల్లలు, అన్నీ అక్కడే. కారు ఎవర్నైనా గుద్దితే జనం కారువాడినే తిట్టేవాళ్ళు. 1923లో సిన్సినాటిలో, కార్లు గంటకి 25 మైళ్ళు దాటకుండా ఆపే పరికరం పెట్టాలని 42,000 మంది సంతకాలు చేశారు. కార్ల వ్యాపారులు గట్టిగా ఎదురు ప్రచారం చేశారు. ఓటింగ్‌లో ఆ ప్రతిపాదన ఓడిపోయింది.

అప్పటికే ఇంకో ఆయుధం తయారైంది, 'జేవాకర్' అనే మాట. 'జే' అంటే అప్పటి వాడుకలో పల్లెటూరి బైతు. అంటే రోడ్డు ఎలా దాటాలో తెలియని బైతు అని వెక్కిరింత! వెక్కిరింత కాస్తా చట్టమైంది. 1925లో లాస్ ఏంజెలెస్ తెచ్చిన ట్రాఫిక్ నిబంధనలు మిగతా ఊళ్ళకి నమూనా అయ్యాయి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే పీటర్ నార్టన్ 2008లో రాసిన 'ఫైటింగ్ ట్రాఫిక్' పుస్తకంలో ఈ కథంతా ఉంది.

ఇక హెర్న్‌డన్‌కి వద్దాం. ఇక్కడ రైలు 1968లో ఆగిపోయింది. ఆ పట్టాల దారే ఇప్పుడు 45 మైళ్ళ డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్. రైలు పోయి నడిచేవాళ్ళు వచ్చారు. కానీ ఆ దారి రోడ్డుని దాటే ప్రతిచోటా పాత ప్రశ్నే: ఎవరు ఆగాలి?

వర్జీనియా ఈమధ్య కొంత జవాబు చెప్పింది. 2020 జూలై నుంచి, గీతలున్న క్రాస్‌వాక్‌లో మనిషి తన లేన్‌లోకో పక్క లేన్ నుంచి తన వైపుకో వస్తుంటే డ్రైవరు బండి పూర్తిగా ఆపాలి. ఆగిన బండిని పక్క నుంచి దాటి దూసుకుపోకూడదు. 2021 మార్చి 1 నుంచి, ఒక్క జేవాకింగ్ కారణంగా పోలీసులు ఎవర్నీ ఆపడానికి వీల్లేదు.

అయితే చట్టం బ్రేకు వెయ్యదు కదా! అందుకే మీ అమ్మానాన్నలు వచ్చిన మొదటి రోజే ఈ నాలుగూ చెప్పండి. ముందు ఎడమ చూడాలి, తర్వాత కుడి, మళ్ళీ ఎడమ. బటన్ ఉంటే నొక్కి, తెల్ల మనిషి బొమ్మ వచ్చేదాకా ఆగాలి. ఎర్ర చెయ్యి మిణుకుతుంటే కొత్తగా అడుగు పెట్టకూడదు, మధ్యలో ఉంటే మాత్రం దాటేయాలి. ఒక కారు ఆగిందని పక్క లేన్‌ని నమ్మకూడదు.

బొమ్మ వచ్చినా కుడికి తిరిగే కారుని చూసుకోవాలి. ఎర్ర లైటు మీద కుడికి తిరగడం 1970లలో, చమురు కొరత రోజుల్లో, పెట్రోలు ఆదా కోసం దేశమంతా పాకింది. అలా తిరిగే డ్రైవరు చూపంతా ఎడమ నుంచి వచ్చే బళ్ళ మీదే ఉంటుంది. అతని కుడివైపు నిలబడ్డ అమ్మ అతనికి కనిపించకపోవచ్చు.

అమ్మ ఇప్పటికీ మన ఊళ్ళోలాగే చెయ్యి ఎత్తి దాటుతుంది. నేను వద్దనను. ముందు ఎడమ చూస్తోందా లేదా అన్నదే చూస్తాను.