టీకా మచ్చ సాక్ష్యం: మశూచి నిర్మూలనలో లెక్కల చరిత్ర

భారతదేశంలో మశూచి నిర్మూలనను విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. ఆ గాథలో వేసిన టీకాల సంఖ్యకూ, రక్షణ పొందిన పిల్లల సంఖ్యకూ మధ్య ఉన్న అంతరం ప్రత్యేకంగా పరిశీలించదగినది.

1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. మూడేళ్లలో దేశ జనాభా మొత్తానికి టీకాలు వేయాలన్నది లక్ష్యం. రిజిస్టర్లలో అంకెలు కోట్లకు చేరాయి గాని వ్యాధి పోలేదు. తొలినాళ్ల ద్రవరూప టీకామందు ఎండకు పాడయ్యేదన్నది ఒక కారణం. అంతకంటే లోతైన కారణం లెక్కించిన తీరులోనే ఉంది. టీకాలు వేసే ఉద్యోగి బడికి వెళితే ఒక్క పూటలోనే పదుల కొద్దీ చేతులు దొరికేవి. అందుబాటులో ఉన్న పిల్లలకే మళ్లీ మళ్లీ టీకాలు పడ్డాయి. తల్లి ఒడిలోని పసిబిడ్డ, కూలికి వలసపోయిన కుటుంబంలోని శిశువు తప్పిపోయారు. మశూచి ఎక్కువగా బలిగొన్నది ఆ వయసు పిల్లలనే.

ఈ లోపాన్ని బయటపెట్టినది టీకా మచ్చ. ఫలించిన టీకా చర్మంపై చెరగని గుర్తును మిగులుస్తుంది. తనిఖీ బృందాలు రిజిస్టరును పక్కనపెట్టి పిల్లల చేతులు చూశాయి. అయిదేళ్లలోపు వారిలో మచ్చలేని చేతులే ఎక్కువగా బయటపడేవి. కాగితం చెప్పిన అబద్ధాన్ని చేయి సరిదిద్దిందనాలి.

1973 చివరి నుంచి పద్ధతి మారింది. రోగిని వెతికి, చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేసి, వ్యాధిని అక్కడే కట్టడి చేయడం ముఖ్యమైంది. మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డును బడుల్లో, సంతల్లో చూపి ఆరా తీశారు. సమాచారమిచ్చిన వారికి నగదు బహుమతులిచ్చారు. ‘అమ్మవారు పోసింది’ అనే మాట వాడుకలో ఉన్న తెలుగునాట వంటి సమాజాల్లో రోగం గురించి చెప్పించడం కేవలం వైద్య విషయం కాదు. 1974లో దేశంలో 1,88,000కు పైగా కేసులు నమోదయ్యాయి. ఇంటింటి గాలింపు ముమ్మరమైనందున దాగిన కేసులు కూడా లెక్కకెక్కాయన్నది గమనార్హం. 1975 మే తరువాత స్థానికంగా ఒక్క కేసూ రాలేదు.

1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమానికి ఈ సౌలభ్యం లేదు. బి.సి.జి. మచ్చ మిగులుతుంది, పోలియో చుక్కలకు, తట్టు టీకాకు ఏ గుర్తూ ఉండదు. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు టీకా కార్డును అడుగుతాయి, అది లేనిచోట తల్లి జ్ఞాపకంపై ఆధారపడతాయి. 2019–21 సర్వేలో పూర్తి టీకాలు పొందిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 73 శాతం, తెలంగాణలో 79 శాతం. ఈ అంకెల్లో కార్డూ, జ్ఞాపకమూ రెండూ కలిసే ఉన్నాయి.