పలుగు: దాని పూర్వచరిత్రము, వినియోగక్రమము

మన సంఘమున సుత్తెను, ఉలిని, బాడిసను గూర్చి గర్వముతో జెప్పుకొనువారు పెక్కుమంది కలరు. కొలిమిసాలలో నొకమూల గోడకు జేరవేసియుండు పలుగును గూర్చి పలుకువారు మాత్రము కానరారు. కట్టుటకు సుత్తె యెట్టిదో, కట్టినదానిని చెడకుండ విప్పుటకు పలుగు అట్టిది. విప్పనేరని వానికి మరమ్మతు చేతగాదు. కావున నీ వార్షిక సంచికయందు ఆ పనిముట్టును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

పలుగు, గునపము, గడ్డపాఱ అని మన నాట దీనిని ఒక్కొక్కచోట ఒక్కొక్క పేర బిలుతురు. సంస్కృతమునందలి ఖనిత్రశబ్దము ఋగ్వేదమంత ప్రాచీనము. అగస్త్యమహర్షి ఖనిత్రములతో త్రవ్వుచుండెనని ప్రథమమండలమునందలి యొక సూక్తము చెప్పుచున్నది. అమరసింహుడు దీనికి అవదారణమని పర్యాయ మిచ్చెను. ఖనిత్ర మనగా త్రవ్వునది, అవదారణ మనగా చీల్చునది. మూడవపని యగు ఎత్తుట పేరులో లేదు గాని పనిలో నున్నది. ఆంగ్లేయులు దీనిని ఇనుపకాకి యని పిలిచిరి. షేక్స్పియరు రచించిన రోమియో జూలియెట్ నాటకమున సమాధిమందిరమును దెఱచుటకు సన్న్యాసి కోరినది ఈ యినుపకాకినే.

ఎత్తుటయందలి సూత్రమును క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసు గణితముగా నిరూపించెను. అయిదడుగుల పలుగును రాతిక్రింద దూర్చి, మొనకు ఆరంగుళముల దూరమున దిమ్మను ఆనికగా బెట్టితిమనుకొందము. ఆవలి భాగము 54 అంగుళములు, ఈవలిది 6. కావున 50 కిలోల బలముతో నొక్కినచో మొనయొద్ద రమారమి 450 కిలోల బలము పుట్టును. ఐతే చేయి తొమ్మిదంగుళములు దిగినగాని రాయి యొక్క యంగుళము లేవదు. పలుగు బలమును ఊరక యిచ్చునది కాదు, ఓర్పును బలముగా మార్చునది.

ఇక పలుగు నెన్నుకొను విధము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో గరగించి చేసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. వాయ్సీ యను దొర ఆ పనిని జూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. ఆ యుక్కు ఖడ్గములకై పోయినది గాని, కాఠిన్యమును, సాగుదలయు సమముగా నుండవలయునను నీతి పలుగునకును జెల్లును. మొన మిక్కిలి గట్టిదైన పెట్లును, మెత్తనిదైన వంగును. మొన మాత్రము పదునుపట్టి, నడుమ తాళుకొను గుణము గలది మేలు. రాళ్ళకు అయిదాఱడుగుల నిలువుపలుగు తగును. మేకులను దీయుటకు రెండడుగులది, కొన వంగి చీలికగలది, కావలయును. పలకలను ఊడదీయుటకు పలుచని చదునుకొన గలది వాడదగును. బీట తీసినదానిని, సమ్మెటదెబ్బలకు తల విచ్చుకొన్నదానిని వాడరాదు.

మఱి వాడుక. కృష్ణాలోయలోని రాతికట్టడములు మనకు మంచి నిదర్శనము. నాగార్జునసాగరమున మునుగబోవుచున్న ఇక్ష్వాకుల నాటి కట్టడములను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి చూచి, ముఖ్యమైనవానిని కొండమీదికిని, ఆనుపునకును తరలించిరి. శ్రీశైలము జలాశయమువలన మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి ఆలంపురమున మరల నిలిపిరి. ఇట్టి పనులలో ప్రతిరాతికిని అంకె వేయుదురు. యంత్రము బరువును మోయగలదు. అతుకు ఎక్కడ వదలునో యెఱుగుట మాత్రము చేతి పని.

ఆ క్రమ మిట్టిది. పలుగుక్రింద కఱ్ఱదిమ్మ నుంచవలయును. లేనిచో గోడ నలుగును. ఒక్కచోటనే బలము చూపక, అతుకు పొడవున నాలుగుచోట్ల కొంచెము కొంచెముగా వదలింపవలయును. లేచినంతమేర చీలిక దూర్చి, మరల నెత్తవలయును. రాతిక్రింద వ్రేళ్ళు పెట్టరాదు. పలుగునకు గొట్టము తొడిగి పొడిగించరాదు. దానికి అటునిటు కాళ్ళుంచి నిలువరాదు. మొన జారినచో పలుగు ఎగిరి కొట్టును.

మా యపరాధము నొకటి యిచ్చట జెప్పుకొందుము. మా పితామహులు చెక్కిన ద్వారబంధమునకు చెదపట్టగా, విప్పి బాగుచేయుదమని మేమే పలుగు పట్టితిమి. దిమ్మ పెట్టుటకు సోమరితనమై గోడయంచుననే ఆనిక చేసి ఒక్కపెట్టున నొక్కితిమి. గోడ పెళ్ళగిలినది; పైకమ్మి, అందలి లతలతో సహా, రెండుగా చీలినది. అఱువది నిముసముల యోర్పు లేక, అఱువది యేండ్ల పనిని పోగొట్టితిమి. కొలిమిపని చేయు వృద్ధులొకరు వచ్చి చూచి, మమ్ము తిట్టక, “అయ్యవారూ, దిమ్మ యేదీ?” అని మాత్ర మడిగిరి. శాస్త్రము చదివిన మాకు ఆ ప్రశ్నకు సమాధానము లేకపోయెను.

నేడు పాతయిండ్లు యంత్రములకు లోనై, మంచి దూలములును ద్వారబంధములును ముక్కలై పోవుచున్నవి. విప్పు విద్య తెలిసిన పెద్దలు మనలో ఇంకను కలరు. పోషకులును యువకులును వారిని సమీపించి, వారి పనిముట్ల పేర్లను, పని క్రమమును వ్రాసికొని రాబోవు సంచికల కందజేయవలెనని మా ప్రార్థన. పూర్వుల పనిని కూల్చకుండ కదల్పగలవాడే దానిని నిలుపగలవాడు.