మామయ్యగారి అంబాసిడర్ ఇంజను: అప్పటి ఖర్చు, ఇప్పటి ఖర్చు

కారున్న ఇళ్ళలో ఒకప్పుడు ఒక మాటకి అందరూ భయపడేవారు. "ఇంజను బోరుకొచ్చింది" అని మేస్త్రీ అంటే చాలు, ఆ ఏడాది ఇంట్లో పండగ బట్టలు కూడా ఆలోచించి కొనాల్సిందే. ఈ మాటకి అర్థం మనలో చాలామందికి తెలీదు, ఎందుకంటే కారు సంగతులు మగవాళ్ళ సంగతులుగానే నడిచాయి. ఖర్చు మాత్రం మన ఇంటి ఖర్చే కదా! అందుకే ఈసారి ఇంజను గురించి రాస్తున్నాను.

రోలూ పొత్రమూ ఏళ్ళ తరబడి రుబ్బితే అరిగిపోతాయి కదా, ఇంజనూ అంతే. సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ తిరిగి తిరిగి గోడలు అరుగుతాయి. ఆ సందుల్లోంచి ఆయిలు పైకి వచ్చి కాలుతుంది. వెనకాల నీలంగా పొగ, బండికి లాగే శక్తి ఉండదు. అప్పుడు ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లని లేత్ షాపులో కొంచెం పెద్దవిగా తొలిపించి, ఆ సైజుకి సరిపడే కొత్త పిస్టన్లూ రింగులూ వేస్తారు. క్రాంక్ షాఫ్టుని సానపట్టించి కొత్త బేరింగులు వేస్తారు. వాల్వులు గ్రైండ్ చేస్తారు. ఇలా రెండు మూడుసార్లు తొలిచాక ఇక గోడ మందం చాలదు, లోపల కొత్త లైనరు దించాలి.

అసలు అంత ఖర్చు పెట్టి పాత ఇంజన్నే ఎందుకు బాగుచేయించేవారు? కొత్త కారు కొనడం అంత తేలిక కాదు మరి. హిందుస్థాన్ మోటార్స్‌ని 1942లో బిర్లాలు పెట్టారు. 1953 తర్వాత ప్రభుత్వం, ఇక్కడే తయారుచేసే ఉద్దేశం లేని విదేశీ కంపెనీలని ఉండనివ్వలేదు. ఫోర్డూ, జనరల్ మోటార్సూ అలాగే వెళ్ళిపోయాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాలు మనకి దిక్కు ముఖ్యంగా కలకత్తా వైపు నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్. డబ్బు కట్టినా ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా ఇదే కథ. కాబట్టి ఉన్న బండిని బతికించుకోవడం సరదా కాదు, అవసరం.

మా మామయ్యగారిది 1972 మోడల్ అంబాసిడర్. ఆయన మిర్చి వ్యాపారం చేసేవారు. తెనాలి నుంచి గుంటూరు యార్డుకి ఆ బండే ఆధారం. దాని ఇంజను 1489 సీసీ, ఇంగ్లండులో మోరిస్ కార్లకి వాడిన డిజైనే. 1980లో అది బోరుకొచ్చింది. ఆయన ప్రతి పైసా రాసిపెట్టే మనిషి కాబట్టి ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

సామాన్లకి 2,650 రూపాయలు. లేత్ పనికి 660. మేస్త్రీ కూలి 400. ఆయిలూ, తక్కిన చిల్లర ఖర్చులూ 150. మొత్తం 3,860.

మొన్న మా వారు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీని పిలిపించి అదే ఇంజన్ని చూపించారు. ఆయన రాసిచ్చిన అంచనా ఇది. సామాన్లు 46,000. మెషిన్ షాపు పని 27,000. కూలి 25,000. బండి మోయించడం, ఆయిలు వగైరా 10,000. మొత్తం లక్షా ఎనిమిది వేలు.

"చూశావా, ఇరవై ఎనిమిది రెట్లు!" అన్నారు మా వారు. రూపాయల్లో నిజమే. కానీ మనం రూపాయిని రూపాయితో పోల్చం కదా, బంగారంతో పోలుస్తాం. 1980లో పది గ్రాములు సుమారు 1,330 రూపాయలు. అంటే ఆ ఇంజను ఖర్చు ఇరవై తొమ్మిది గ్రాములు, మూడున్నర కాసుల పైమాటే. 2025 అక్టోబరులో పది గ్రాములు లక్షా ఇరవై వేలు దాటింది. ఆ లెక్కన ఇప్పటి ఖర్చు తొమ్మిది గ్రాములు కూడా లేదు, కాసుకి కాస్త ఎక్కువ. బంగారంలో చూస్తే ఇంజను పని చవకైంది!

ఇంకో సంగతి కూడా గమనించాను. అప్పుడు ఖర్చులో రూపాయికి పది పైసలే మేస్త్రీ చేతికి వెళ్ళాయి. ఇప్పుడు ఇరవై మూడు పైసలు. సామాన్లు పదిహేడు రెట్లు పెరిగితే కూలి అరవై రెట్లు దాటింది. ఇది నాకు అన్యాయంగా అనిపించలేదు. కార్బురేటరు చప్పుడు విని రోగం చెప్పగలిగే చేతులు ఎన్ని మిగిలాయని? అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆయన కొడుకు ఆ పని నేర్చుకోలేదట.

అప్పుడు లేని ఖర్చులు ఇప్పుడు కొన్ని వచ్చి చేరాయి. పాత పెట్రోలులో సీసం ఉండేది. అది మనుషులకి విషమే అయినా పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరక్కుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకని గట్టి సీట్లు విడిగా వేయించాలి. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్, అది పాత రబ్బరు పైపుల్నీ పెట్రోలు పంపు డయాఫ్రమ్‌నీ తినేస్తుంది, అవీ మార్చాలి. కాస్త ఊరట ఏమిటంటే, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

"పోనీ వేరే బండి ఇంజను ఏదైనా వేసేస్తే?" అన్నాడు మా మరిది. చవకే. కానీ 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ బండిగా నమోదు చేయించాలంటే ఇంజనూ బాడీ అసలు రూపంలోనే ఉండాలి. కొత్తగా నమోదుకి రుసుము 20,000. పైగా రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటి వాటికే. అంటే లక్ష పెట్టినా కూరగాయలకి ఆ బండి మీద వెళ్ళలేం.

అన్నదమ్ములిద్దరూ ఈ వాదనలో ఉండగా నేను పుస్తకం మళ్ళీ తిరగేశాను. జమ వైపు ఒక పద్దు కనిపించింది: "ఇంట్లో, 2,000." మా అత్తయ్యగారిని అడిగాను, ఇదేమిటని.

"నా గాజులమ్మా," అన్నారు. "నాలుగు, నాలుగు కాసులు. షావుకారు దగ్గర పెట్టి తెచ్చారు. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. వడ్డీ పెరిగి ఇక విడిపించలేదు."

నాలుగు కాసులంటే ముప్పై రెండు గ్రాములు. ఈ రోజు మూడు లక్షల పైమాటే. మామయ్యగారు లెక్క దాచలేదు, అబద్ధం రాయలేదు. కానీ ఆ రెండు వేలు ఎవరివో రాయలేదు. "ఇంట్లో" అన్న ఒక్క మాటలో నాలుగు గాజులు మాయమైపోయాయి. ఆ కాలపు ఎన్ని లారీలూ, పొలాలూ, ఇంజన్లూ మన అత్తల, అమ్మల ఒంటి మీది బంగారంతో నడిచాయో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంజను చరిత్ర రాసేవాళ్ళు సీసీలు రాస్తారు, గాజులు రాయరు.

మా ఇంట్లో ఒక నిర్ణయం అయితే జరిగింది. బండి ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు, ముందుగా అత్తయ్యగారినే అడగాలని నేను పట్టుబట్టాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చేయించండి. ఆ బండిలోనే కదా మీ ఇద్దర్నీ కాన్పుకి తీసుకెళ్ళింది," అని కొడుకులతో అన్నారు. "కానీ ఈసారి ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో రాయండి."

కొత్త పుస్తకం కొన్నాం. మా వారు 60,000, మరిది 40,000, నా పొదుపు సంఘం డబ్బు 8,000. పాత పుస్తకంలో "ఇంట్లో" అన్న మాట పక్కన అత్తయ్యగారి పేరు కూడా రాశాం. ఆ అక్షరాలు ఆవిడే రాసుకున్నారు.

మీ ఇళ్ళలో పాత లెక్కల పుస్తకాలుంటే ఒకసారి జమ వైపు చూడండి. ఖర్చు వైపు అందరూ చూస్తారు.