ఉప్సాలా మంచు మీద తొంభై నిమిషాలు

ఉప్సాలా స్టేషన్‌లో రైలు దిగి, ఫీరిస్ ఏటి గట్టు వెంట జనంతో పాటు నడుస్తున్నారు మీరు. మార్చి నెల. ఎండ కాస్తోంది గానీ ఒంటికి తగలడం లేదు. మీ ముందు నడుస్తున్న పెద్దాయన చేతిలో పాతబడిన గోధుమరంగు తోలు సంచీ ఉంది. అందులో ఉండేది కాగితాలు కాదు, వేడి కాఫీ ఫ్లాస్కు, కాస్త మందు. స్వీడన్‌లో బాండీ అనే మంచు మీది బంతాట చూడ్డానికి వెళ్లేవాళ్లకు అది ఏనాటినుంచో ఉన్న ఆనవాయితీ. ఇవాళ స్టూడెంటర్నాస్ మైదానంలో జాతీయ ఫైనల్. ఈ టైటిల్ కోసం 1907 నుంచి జట్లు తలపడుతున్నాయి.

మెట్లెక్కి చూస్తే ముందు ఆ వైశాల్యమే మిమ్మల్ని నిలబెట్టేస్తుంది. ఫుట్‌బాల్ మైదానమంతా గడ్డకట్టిన నీరు. ఐస్ హాకీ రింకులు మూడింటికి పైగా ఇందులో పడతాయి. చుట్టూ ఎత్తైన గోడలు లేవు. పక్క గీతల వెంట మాత్రం జానెడు కంటే తక్కువ ఎత్తున్న అడ్డుపట్టీ. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది, కాళ్లకు స్కేట్లు, చేతుల్లో కొస వంగిన కర్రలు. బంతి టెన్నిస్ బంతి కంటే కొంచెం చిన్నది. మంచు మీద కనబడాలని దానికి కళ్లకు కొట్టొచ్చే రంగు.

విజిల్ మోగింది. వెనక ఉన్న డిఫెండర్ కర్ర ఎత్తి కొట్టాడు. బంతి సగం మైదానం దాటి గాల్లో పోతోంది, దాని కింద ఒక ఆటగాడు తల వెనక్కి తిప్పి చూస్తూనే దూసుకుపోతున్నాడు. ఛాతీతో ఆపి, కాలి ముందుకు జార్చుకుని, ఒక్క మలుపులో ఇద్దర్ని దాటేశాడు. స్కేట్ల అంచులు మంచును కోస్తున్న చప్పుడు పై వరసదాకా వినిపిస్తోంది. ఐస్ హాకీలో లాగా మనుషుల్ని గోడకేసి గుద్దడం ఇక్కడ లేదు. పరుగుకు చోటుంది, పాస్‌కు ఆలోచించే తీరిక ఉంది. ఈ ఆట అందమంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది.

కార్నర్ దొరికింది. జనం లేచి నిలబడ్డారు, మీరూ లేవండి. రక్షించే జట్టు గోల్ గీత వెనక వరసకట్టింది. దాడిచేసే జట్టు గోల్ నుంచి 17 మీటర్ల దూరంలో ఉన్న అర్ధవృత్తం బయట కాచుకుని ఉంది. మూలనుంచి బంతి కదిలిన క్షణంలోనే గీత వెనకవాళ్లు బాణాల్లా బయటికి వస్తారు. అవతల షూటర్ కర్ర అప్పటికే పైకి లేచింది. బంతి గంటకు వంద కిలోమీటర్లు మించిన వేగంతో వస్తుంటే, వాళ్లు ఒళ్లు అడ్డం పెట్టడానికే వెళ్తున్నారు! మూడున్నర మీటర్ల వెడల్పు గోల్‌లో నిలబడ్డ కీపర్ చేతిలో కర్ర కూడా ఉండదు. చేతితొడుగులు, కాళ్ల ప్యాడ్లు, ధైర్యం. ఠప్పుమని చప్పుడు. వల కదిలింది.

నలభై అయిదు నిమిషాలకు విరామం. తోలు సంచీలు తెరుచుకుంటాయి. చలి ముదిరి మంచు ఎడతెగక కురిసే రోజుల్లో ఆటను మూడు అరగంటలుగా విడగొట్టి ఆడతారు. రష్యాలో బాండీని బంతి హాకీ అంటారు, అక్కడా స్టేడియాలు నిండుతాయి. పుట్టింది మాత్రం ఇంగ్లండ్ ఫెన్ ప్రాంతపు చిత్తడి పొలాల్లో. వరదనీరు గడ్డకట్టినప్పుడు అక్కడి రైతులు ఆడుకునేవారు. బరీ ఫెన్ క్లబ్బు ఆటగాడు చార్లెస్ టెబ్బట్ 1882లో నియమాలు అచ్చువేయించాడు. ఆ పొలాలిప్పుడు అంతగా గడ్డకట్టవు, ఆట ఉత్తరానికి తరలిపోయింది.

1952 ఓస్లో ఒలింపిక్స్‌లో బాండీని ప్రదర్శన క్రీడగా ఆడారు. పతకాల పట్టికలో మాత్రం దానికి ఇంతవరకు చోటివ్వలేదు. ఇంత గొప్ప ఆటకు జరిగిన అన్యాయమిది. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు ఉప్సాలా రైల్లో ముప్పావుగంట లోపే. చలికాలం పోయేలోగా ఒక్క మ్యాచ్‌కి వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి.