వంశధార ఒడ్డున శ్రీముఖలింగం

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు మన కుటుంబాలు తిరుపతి, భద్రాచలం, సింహాచలం తప్పకుండా చూసి వస్తాయి. శ్రీకాకుళం దాటి ముఖలింగం దాకా వెళ్ళేవారు తక్కువ. ఆ ఊరికి మనం పడిన బాకీ మాత్రం చిన్నది కాదు.

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 45 కిలోమీటర్ల దూరాన, వంశధార ఎడమ గట్టున ఉన్న పల్లెటూరది. ఈ ఊరూ, పక్కనున్న నగరికటకమూ కలిసి ఒకప్పటి కళింగనగరమని, తూర్పు గాంగుల రాజధాని అని చరిత్రకారులు గుర్తించారు. పూరీ జగన్నాథాలయానికి పునాది వేసిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడైనప్పుడు రాజధాని ఇదే. తర్వాత 12వ శతాబ్దంలో అది కటకానికి తరలిపోయింది. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు మాత్రం ఇక్కడే నిలిచాయి. మన దక్షిణాది గోపురాలకు అలవాటుపడ్డ కళ్ళకు వీటి శిఖరాలు వింతగా తోస్తాయి. అవి ఒరిస్సా గుళ్ళ పోలిక.

మధూకం అంటే ఇప్పచెట్టు. సవరదొర ఇద్దరు భార్యలు ఇప్పపూల కోసం తగవులాడుకుంటుంటే, అతడు విసిగి చెట్టు నరికాడట. అందులోంచి శివుడు వెలిశాడని స్థలపురాణం. రాజులు కట్టిన గుడికి కొండవాళ్ళ కథ మూలం కావడం మాకెంతో నచ్చింది.

ఈ గుళ్ళ నిండా శాసనాలున్నాయి. 1863లో దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాటి పాతలిపిని గురువు లేకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. కళింగనగరం ఇదేనని వాదించినవారిలో ఆయన ముఖ్యులు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరభాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పాలన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు పిల్లలకూ వాడుకమాటల్లోనే పాఠాలుండాలని పోరాడినదీ ఆయనే. గ్రాంథికమే నిలిచి ఉంటే ఇక్కడ పుట్టిన మన పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం చదవడం ఎంత కష్టమయ్యేదో! ఆయన పుట్టిన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషాదినోత్సవం.

ఈసారి వెళ్ళేవారు ఒక పూట కేటాయించుకోండి. శివరాత్రి ఉత్సవాల చివర చక్రతీర్థ స్నానానికి ఏరంతా జనమే. పిల్లలతో అయితే మిగతా రోజుల్లో మేలు. శాసనాల దగ్గర కాసేపు నిలబెట్టి అక్షరాలు చూపించండి. మనవి ఏవి, కానివి ఏవి అని వాళ్ళే అడుగుతారు.