జాతీయముల వెనుక జనులు

ఇంగ్లీషు నేర్చుకొను బాలుడు ‘పిల్లులు, కుక్కలు కురియుచున్నవి’ అని చదివి ఆకాశము వంక చూచును. మన ‘కుండపోత’ విన్న దొరకు కుండ కానరాదు. మాటకు మాట పెట్టినంతమాత్రమున జాతీయము లొంగదు. దాని వెనుకనున్న బ్రతుకు తెలియవలెను.

గద్వాల సంస్థానమున 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ మర్మమెరిగినవారు. ఉర్దూ రాజభాషగా చెల్లిన నిజాం రాజ్యమున 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిఘంటువులు ‘క్రీడావిశేషము’, ‘భక్ష్యవిశేషము’ అని వ్రాసి చేతులు దులుపుకొనగా, ఆయనకది చాలలేదు. ఆ ఆట ఎట్లాడిరి? ఆ పిండివంట ఏది? కావ్యములలోని పలుకుబడులను, సామెతలను సాక్ష్యమునకు పిలిచి, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిరి. రాజుల వంశావళులలో కానరాని సామాన్యజనులు అందు కనిపింతురు.

1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన ఆయన మరుసటి యేడే గతించిరి. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది.